హాజరు పలికినవాడు

"ముప్పై ఏడు!"

"ప్రెజెంట్ మేడమ్!"

శ్యామలాదేవి తలెత్తింది. పలికింది పద్దెనిమిదేళ్ళ గొంతు కాదు.

చివరి బెంచీలో నలభై దాటిన మనిషి లేచి నిలబడ్డాడు. తెల్ల యూనిఫాం, చేతిలో టోపీ.

"ఎవరయ్యా నువ్వు?"

"సెబాస్టియన్ అండీ. నిర్మాత పట్టాభిరామయ్య గారి డ్రైవర్ని. బాబుగారి బదులు..."

"బాబుగారేరీ?"

"ఇంకా నిద్ర లేవలేదండీ."

క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు అంత ఒళ్ళు మండేది కాదేమో. అంతా కూడబలుక్కున్నారన్నమాట!

తొంభై నాలుగు జనవరి. జూబ్లీ హిల్స్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా ఆమెకు అదే మొదటి రోజు. రాగానే బోర్డు మీద రాసింది కూడాను. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. కాపీ కొడితే సున్నా. ఒకరి బదులు ఒకరు పలికితే చర్య తప్పదు.

"బోర్డు మీద ఉన్నది చదవడం రాదా?"

"చదివానండీ. పలక్కపోతే నా ఉద్యోగం పోతుందండీ."

"పలికితే మాత్రం ఉంటుందా? పద ప్రిన్సిపాల్ గారి దగ్గరికి."

సెబాస్టియన్ చేతులు జోడించాడు.

"తిట్టండి మేడమ్, పడతాను. కాగితం మాత్రం పెట్టకండి. పరీక్షలు ఆరు వారాల్లో ఉన్నాయి. అందాకా నన్నిలా వెనకాల కూర్చోనివ్వండి. హాజరు పలకను."

"హాజరు పలక్కుండా కూర్చుని నువ్వేం చేస్తావయ్యా?"

అతను పిల్లల వైపు చూశాడు. 

ముందు బెంచీలోంచి కౌసల్య లేచింది. "మేడమ్, అసలు సంగతేంటంటే..."

"వద్దమ్మా," అన్నాడు సెబాస్టియన్.

"కూర్చో! నీ హాజరు కూడా కొట్టేయమంటావా?" అంది శ్యామలాదేవి.

కౌసల్య కూర్చుంది.

ప్రిన్సిపాల్ సుబ్బరామయ్య నిర్మాత పేరు వినగానే కళ్ళజోడు తీసేశాడు.

"పెద్దవాళ్ళతో వ్యవహారమమ్మా. నోటితో మందలించి వదిలేద్దాం."

"రూల్ రూలే సార్. నేను రాసిస్తాను."

రాసిచ్చింది. తెల్లకాగితం నిండా, చక్కటి అక్షరాలతో. ఫలానా సెబాస్టియన్ అనే బయటివ్యక్తి తరగతిలోకి చొరబడి, దొంగహాజరు పలికాడని. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

రెండు రోజుల తర్వాత ప్రిన్సిపాల్ పిలిచాడు.

"ముప్పై ఏడుకి హాల్ టికెట్ ఇస్తున్నామమ్మా. అబ్బాయికి కామెర్లట. డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చారు."

"మొన్నటిదాకా దొంగహాజరేగా సార్?"

"డిసెంబరు దాకా పాత లెక్చరర్ గారి సంతకాలున్నాయి. వాటిని మనం కాదనలేం. ఇక మిగిలిన రోజులకు సర్టిఫికెట్ ఉంది. అంతా రూల్ ప్రకారమే."

"మరి డ్రైవరు?"

"మీ కాగితం సంగతి చెప్పగానే పట్టాభిరామయ్య గారు పీకేశారు. పిల్లాడికి తెలియకుండా వాడే చేశాడట."

"పచ్చి అబద్ధం! వాళ్ళు పంపితేనే వచ్చాడు సార్."

"మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదమ్మా. డ్రైవరు పేరొక్కటే ఉంది."

శ్యామలాదేవి తను రాసినది గుర్తుచేసుకుంది. నిజమే. దొరికినవాడి పేరే రాసింది. పంపినవాళ్ళ పేరు రాయాలని తట్టనేలేదు.

"నా కాగితం నాకిచ్చేయండి సార్. తిరగరాసిస్తాను."

"ఆఫీసు రిజిస్టర్లో ఎక్కి ఇన్‌వర్డ్ నంబరు పడిపోయిందమ్మా. ఇక అది మీదీ కాదు, నాదీ కాదు."

వరండాలో గంట కొట్టే బుచ్చమ్మ కనిపించింది. చుట్టుపక్కల డ్రైవర్లంతా ఉండే బోరబండ బస్తీ మనిషే.

"బుచ్చమ్మా, ఆ డ్రైవరు సెబాస్టియన్ నీకు తెలుసా?"

"ఎరుకే మేడమ్. మా గల్లీలనే ఉండేటోడు. పొద్దుగాల్నే రూము ఖాళీ చేసిండు."

"ఎక్కడికెళ్ళాడు?"

"ఎవ్వరికీ చెప్పలే. శానా మంచోడు మేడమ్. ఎవరో పెద్దమేడమ్ కాగితం రాసిందంట, ఆమె చెయ్యి పడిపోను!"

ఆ పెద్దమేడమ్ తలొంచుకుని క్లాసుకి నడిచింది.

పాఠం చెప్పే ఓపిక లేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది.

"ఉత్పలమాలకి గణాలు ఎవరైనా చెప్పగలరా?"

"భ ర న భ భ ర వ!" అంది క్లాసంతా.

"యతి?"

"పదో అక్షరం మేడమ్!"

బోర్డు మీద ఒక పద్యపాదం రాసింది. వెనక బెంచీ కుర్రాడు లేచొచ్చి, గురులఘువులు టకటకా పెట్టేసి వెళ్ళాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఛందస్సు ఇలా వచ్చిన క్లాసును ఆమె చూడలేదు.

పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మొహం కాస్త తేటపడింది.

"మీ పాత సారు ఎంత శ్రద్ధగా చెప్పారర్రా! చిరునామా ఇవ్వండి, ఉత్తరం రాస్తాను."

 కౌసల్య లేచింది. కళ్ళనిండా నీళ్ళు.

"పాత సారు పేర్లు పిలిచేసి, సినిమా కథాచర్చలున్నాయని ఫిల్మ్‌నగర్ వెళ్ళిపోయేవారు మేడమ్. ఒక్క పాఠం చెప్పలేదు."

"మరి ఇదంతా ఎవరు నేర్పారు?"

"గుంటూరు దగ్గర బళ్ళో తెలుగు మాస్టారుగా చేశారట మేడమ్. పాటలు రాద్దామని ఇక్కడికొచ్చారు. ఆ రోజు మీకు చెప్పబోతే, పాత సారుకి మాటొస్తుందని ఆయనే వద్దన్నారు."

"ఎవరమ్మా?"

"జూన్ నుంచీ మాకు పాఠాలు చెప్పింది సెబాస్టియన్ గారే, మేడమ్."