ఇనుప మనిషి అన్న మాట

వెనక సీట్లో గుసగుస ఆగలేదు.

"ఇప్పుడు తలుపు బద్దలు కొడతాడు. కొట్టాడు. పిల్లాణ్ణి భుజానెత్తుకున్నాడు."

చక్రి వెనక్కి తిరిగాడు. డెబ్భై దాటిన పెద్దాయన, పక్కనున్నావిడ చెవిలో కథ చెబుతున్నాడు.

"ఏవండీ, తెర మీద కనబడుతోంది కదా, మళ్లీ మీరు చెప్పాలా?"

"మా ఇంటావిడ అమలమ్మకి చూపు లేదు బాబూ. ఆవిడకిష్టమైన సినిమా ఇది."

"అయితే ఇంటి దగ్గర చెప్పుకోండి. మేం సినిమా వినడానికొచ్చాం."

పెద్దాయన కథ ఆపేశాడు.

చక్రి అంత మాట అనే మనిషి కాదు. ఆ రోజు అతని కంగారు అతనిది. భార్య పోయి ఐదు నెలలు. పదేళ్ల కూతురు సింధూరి అప్పట్నుంచీ రెండు ముద్దలకు మించి తినడం లేదు. అమ్మమ్మ బతిమాలింది. డాక్టరు టానిక్కు రాశాడు. పిల్ల చిక్కి సగమైంది.

చక్రికి తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. అప్పుడు అతనూ అన్నం మానేశాడు. మేనమామ కంకిపాడు వీడియో హాలుకి తీసుకెళ్లి ఈ సినిమా చూపించాడు. చివర్లో పిల్లాణ్ణి బయటికి పంపి, తను మంటల్లో మిగిలిపోతూ ఇనుప మనిషి వాడితో ఒక మాట అన్నాడు. అది విన్న చక్రి ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాత ఎంత వెతికినా ఇంగ్లీషుదే దొరికింది. ఇన్నాళ్లకి బెంజ్ సర్కిల్ దగ్గరి హాల్లో తెలుగులో వేశారు. ఆ మాట తను చెబితే పిల్లకి రోజూ వినే నాన్న మాటే అవుతుంది. ఇనుప మనిషే చెప్పాలి.

ఇంటర్వెల్లో సింధూరి మంచినీళ్లకని వెళ్లి ఆలస్యంగా వచ్చింది. వెనక సీట్లు రెండూ ఖాళీ. హమ్మయ్య అనుకున్నాడు చక్రి.

క్లైమాక్స్ వచ్చింది. మంటలు లేచాయి. చక్రి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

ఇనుప మనిషి పిల్లాడి వంక చూశాడు. తలుపు మూశాడు. ఒక్క మాటా అనలేదు.

లైట్లు వెలిగాయి. ఆ మాట కోసేశారేమో అనుకున్నాడు చక్రి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

బండి దగ్గర సింధూరి అంది, "నాన్నా, ఆకలేస్తోంది. ఇడ్లీ తిందామా?"

చక్రి తాళం తిప్పబోయి ఆగాడు. "సినిమా అంత నచ్చిందా తల్లీ?"

"సినిమా కాదు. ఇందాక నువ్వు కసిరిన తాత లేడూ, ఇంటర్వెల్లో మెట్ల మీద కూర్చుని మామ్మకి మిగతా కథ చెబుతుంటే విన్నా. చివర్లో ఇనుప మనిషి అంటాడట, 'నేను పోవడంలో నీ తప్పేం లేదురా, ఇంటికెళ్లి అన్నం తిను' అని."

చక్రి మెట్ల వైపు చూశాడు. "వాళ్లేరీ?"

"అప్పుడే ఆటో ఎక్కేశారు. నువ్వు కోప్పడతావని లోపలికి రాలేదు."

"ఆ మాట సినిమాలో లేదేం మరి?"

"సినిమాలో ఉండదట నాన్నా. అప్పట్లో ఇంగ్లీషు ఎవరికీ అర్థం కాదని, కంకిపాడు వీడియో హాల్లో తాతే వెనక కూర్చుని మైకులో తెలుగు చెప్పేవాడట. ఓసారి, నాన్న పోయి అన్నం మానేసిన పిల్లాణ్ణి మేనమామ తీసుకొచ్చాడని తెలిసి, వాడి కోసం ఆ మాట తాతే కలిపాడట."