ఓటమి ఎరగని ఎండ్రకాయ

ఇది కల్ల అనే మొనగాడెవరైనా ఉంటే మడుగులో మెడలోతు దిగి అనమనండి.

ఎండ్రకాయ గండ్రయ్య నలభై గుద్దులాట పోటీలు గెలిచాడు. అతని ఒక్క గుద్దుకు మడుగు రెండుగా చీలి, చేపలు నడిచి ఇళ్లకెళ్లాయి. కాలవ నుంచి కొత్త ఎండ్రకాయ వచ్చి సవాలు చేస్తే, కప్ప భూషయ్య నత్త సూరమ్మతో తను కాపురముండే తామరాకునే పందెం కాశాడు. "మావాడి ముందు వాడెంత?"

"పాత పెంకు విడిచిన వారంలో ఎండ్రకాయ ఒళ్లు మగ్గిన అరటిపండే. మీవాడు ఓడించినవాళ్లంతా అలాంటివాళ్లే కదా బావా," అంది సూరమ్మ.

భూషయ్య ఉక్రోషంగా గండ్రయ్య బొరియకెళ్లి, పోటీ ఎప్పుడని అడిగాడు.

"ఆ కుర్రాడు పెంకెప్పుడు విడుస్తాడో కనుక్కునిరా," అన్నాడు గండ్రయ్య లోపలి నుంచే.

భూషయ్య ఆకు ఖాళీ చేశాడు. "మావాడు జాలిపడి వదిలేశాడు గానీ," అంటూ బురదలో కూర్చుని ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు. నమ్మకపోతే సూరమ్మనడగండి, ఆకు మీదే ఉంటుంది.