రీస్టార్టు చేస్తే పోద్ది

"మళ్లీ ఆ సీడీయేనా అండీ?" అన్నాడు సోమేశ్.

"మళ్లీ అదే," అంది అనురాధ, మూడో కేబిన్‌లో కూర్చుంటూ.

నర్సీపట్నంలో ఎరువుల కొట్టు పైన ఉంది సోమేశ్ నెట్ సెంటరు. 2008లో ఊళ్లో కుర్రాళ్లంతా అక్కడే. ఒకడు ఆటలు ఎక్కిస్తాడు, ఇంకొకడు వైరస్ తెస్తాడు. విసిగిపోయి సోమేశ్ సిస్టంలన్నిటికీ ఒక లాకు సాఫ్ట్‌వేర్ వేశాడు. ఎవరు ఏం ఎక్కించినా సరే, రీస్టార్టు చేస్తే అదంతా పోయి సిస్టం మొదటికొస్తుంది.

వాటితో పాటు అనురాధ ఎక్కించిందీ పోయేది.

మూడు వారాలుగా ఆమె కోటవురట్ల నుంచి బస్సులో వస్తోంది. వస్తూనే సీడీ పెట్టి తన ప్రోగ్రాం ఎక్కించుకుంటుంది. ఎన్నిసార్లు ఎంటర్ కొట్టాలో వేళ్లకి కంఠస్థం. దానికే పది నిమిషాలు. ఆ తర్వాతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉద్యోగాల దరఖాస్తుల పని మొదలెడుతుంది. ఆమె అలా లేవగానే సోమేశ్ ఇలా రీస్టార్టు నొక్కుతాడు.

"పాస్‌వర్డు కొట్టి ఒక్కసారి లాకు తీస్తే నాదీ ఉండిపోద్ది కదండీ," అని మొదటి వారమే అడిగింది.

"ఒకళ్లకి తీస్తే అందరూ అడుగుతారండి. అయినా మీకెందుకండీ ఈ తిప్పలు? కాగితాలు నాకిచ్చేయండి, ఏం నింపాలో నేను నింపేస్తాను."

"నా పేరు నేను రాసుకోలేనా? మీరు సెరిపేస్తానే ఉండండి. నేను ఎక్కిస్తానే ఉంటాను."

ఇవాళ బ్యాంకు క్లర్కు పోస్టులకి ఆఖరి రోజు. సాయంత్రం ఐదుతో గడువు సరి.

నాలుగుంబావుకి ఫారం సగమైంది. ఉన్నట్టుండి ఫ్యాను చప్పుడు ఆగింది. కరెంటు పోయింది. సెంటరంతా గగ్గోలు.

తిరిగి వచ్చేసరికి నాలుగున్నర. సిస్టంలన్నీ లేచాయి, శుభ్రంగా, మొదటి నుంచి. సగం ఫారం లేదు. ప్రోగ్రాం లేదు.

"ఇంక అవదండీ," అన్నాడు సోమేశ్. గొంతులో నిజంగానే జాలి. "బేగి సెప్పండి, నేను టైపు సేసేస్తాను."

ఆ జాలికే అనురాధకి ఒళ్లు మండింది. తన దరఖాస్తు ఇంకొకరు నింపితే, రేపు తన ఉద్యోగమూ ఇంకొకరే చెయ్యాలంటారు.

"పక్కకి జరగండి," అంది. సీడీ మళ్లీ లోపలికి తోసింది.

కొడుకు ఫారం పట్టుకుని కొయ్యూరు నుంచి వచ్చిన లచ్చన్న, వెనక బెంచీ మీంచి చూసి చూసి ఓపిక పట్టలేకపోయాడు. "ఏటమ్మా, పాటలినడానికి ఇదా టైము? లెగు!"

"పాటలు కావు బాబాయ్. పనే."

సోమేశ్ లచ్చన్నని ఐదో కేబిన్‌కి పంపించాడు.

పేరు. పుట్టిన తేదీ. చదువు. చిరునామా. ఒకచోట పిన్‌కోడ్ తప్పు పడింది. వెనక్కి వెళ్లి దిద్దుకుంది. నాలుగూ యాభై ఆరుకి ఆఖరి ఎంటర్ కొట్టింది. ప్రింటరు కర్రుమంటూ కాగితం కక్కింది.

సోమేశ్ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"ఒక్క తప్పూ లేదండి," అన్నాడు. "రేపు లాకు తీసి మీది ఉంచేస్తాను."

"రేపు కాదు. ఇప్పుడే తియ్యండి."

తెర మీది ప్రతి అక్షరాన్నీ చెవిలో చదివి చెప్పే ఆ ప్రోగ్రాంని సోమేశ్ మూడో సిస్టంలో ఇంకెప్పటికీ చెరగకుండా ఎక్కించేదాకా, అనురాధ తన తెల్లకర్ర పట్టుకుని అక్కడే నిలబడింది.