తాడు పట్టుకున్న పూట

ఆలంపూర్ జాతర రద్దీలో మా ముసలాయన చెయ్యి జారిపోయింది. ఏడుస్తూ వెళ్లి, క్యూ దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డ పోలీసు వాలంటీరు పిల్ల శైలజ మీద పడ్డాను.

"జర ఆయనను పట్టుకొచ్చి ఇయ్యి బిడ్డా!"

"మాకు పట్టుకునే అధికారం లేదవ్వా," నవ్వింది శైలజ. "జీతం లేదు, లాఠీ లేదు. ఈల ఊదుడు, దారి చూపుడు, పోలీసోళ్లకు చెప్పుడు, గంతే. మైకుల చెప్పిస్త, తాత పేరేంది?"

మొగుడి పేరు నోటితో ఎలా చెప్పను? "కొండలను ఇంకేమంటరు?" అన్నాను.

"పర్వతాలు తాతనా! నువ్వు మాత్రం కదలకు. నువ్వు గూడ తప్పిపోతే ఇద్దర్ని దేవులాడాలె. నేనొచ్చేదాక గీ తాడు పట్టు. జనం మీదపడితే గీ ఈల ఊదు," అంటూ ఈల నా చేతిలో పెట్టి మైకు దగ్గరకు వెళ్లింది.

ఊదాను. వందమంది ఆగిపోయారు! మా మేకలు కూడా నా మాటకు అలా ఆగవు. అవసరం లేకపోయినా ఇంకోసారి ఊదాను.

అంతలో ఎవరో తాడు కింద నుంచి దూరబోయారు.

"ఓ తలపాగా! సిగ్గు లేదా? లైన్ల రా!"

తలపాగా పైకి లేచింది. మా ఆయనే!

"నిన్నే దేవులాడుతున్ననే! పోదాం పా," అన్నాడు.

"ఎట్ల పోత? గా పిల్ల వచ్చేదాక డ్యూటీ నాది. పోయి అందరెనక నిలబడు."

గొణుక్కుంటూ వెళ్లాడు. బస్సులోనైనా, దవాఖానలోనైనా ఆయనను క్షణం వదలనిదాన్ని, ఇవాళ నేనే పొమ్మన్నాను. గుండె దడ లేదు. నవ్వు ఆగడం లేదు.