కాకి నీళ్లు

మడుగు అంచున కాకులు తాగే చోటును పక్షులు ‘కాకి నీళ్లు’ అనేవి. కొన్నాళ్లకు ఎక్కడి మురికినీళ్లకైనా అదే పేరైంది. ఒకరోజు ఓ ముసలి కాకి తేట నీళ్ల వైపు వెళితే కొంగ అడ్డుకుంది.

“మీ నీళ్లు అటు.”

కాకి పంచాయితీ పెట్టింది.

“పాత మాట వదినా. దానికే అంత ఉలుకా?” అంది కొంగ.

“ఆ మాట పట్టుకునే నన్ను గెంటావు. మార్చు.”

“తాతలనాటి మాటను మార్చేదెట్లా?” అన్నాయి పావురాలు.

“అయితే సరే.” కాకి మడుగు మధ్యనున్న బండ మీద వాలి, కడుపారా తాగింది. “ఇప్పుడు ఇవన్నీ కాకి నీళ్లే. ముట్టకండి.”

పక్షులన్నీ ముఖాలు చూసుకున్నాయి. ఎండ ముదిరింది. అందరికంటే ముందు ముక్కు ముంచింది కొంగే.

“ఎట్లా ఉన్నాయి మరదలా, కాకి నీళ్లు?” అని బండ మీద నుంచే అడిగింది కాకి.