నువ్వు అనొద్దు

“నువ్వు అనొద్దు, మీరు అనాలె. ఏమ్మా అనొద్దు, మేడమ్ గారు అనాలె. ఏదీ, ఒక్కసారి అను.”

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు వెనక గల్లీలో, బడి గోడ పక్కన నిలబడి తొమ్మిదో తరగతి స్పందన పాఠం చెబుతోంది. పోచంపల్లి చీరల మూట చంకలో పెట్టుకుని సిద్ధిరాములు బుద్ధిగా వింటున్నాడు. యాభై ఏళ్ల మనిషి. ఆ బస్టాపు ఫుట్‌పాత్ మీద చీరలు పరిచి ఎంత గడుసు గిరాకీనైనా మాటలతో కూర్చోబెట్టగలవాడు. ఈ రెండు ముక్కల దగ్గర మాత్రం నాలుక మడత పడుతోంది.

“మేడమ్ గారు, నువ్వు మంచిగున్నరా?”

స్పందన నెత్తి కొట్టుకుంది.

ఆ పిల్ల భయానికి కారణం ఉంది. మూడు రోజుల కిందట ఎల్బీ నగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వంటావార్పు జరిగింది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వందలమంది వండుకుని తిన్నారు. స్పందన బడి ఎగ్గొట్టి అక్కడికి పోయింది. గొంతు పోయేదాకా జై కొట్టింది, రెండుసార్లు పులిహోర పెట్టించుకుంది, మరునాడు బడికి వచ్చి జ్వరమొచ్చిందని చెప్పింది. అయితే ఆ రోజు ఆగిపోయిన బస్సుల్లో ఒకదాంట్లో, కిటికీ పక్కన, క్లాస్ టీచర్ ప్రసన్నలక్ష్మి రెండు గంటలపాటు ఇరుక్కుపోయి ఉంది. విస్తరాకు ముందు కూర్చున్న జ్వరాన్ని ఆమె కళ్లారా చూసింది.

ఇంట్లోవాళ్లను తీసుకురాకపోతే టీసీ చేతిలో పెడతామన్నారు. ఈ సంగతి ఇంట్లో తెలిస్తే తన చదువు బందేనని స్పందన బస్టాపులోనే ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక సిద్ధిరాములు చీరలు మూటగట్టి లేచాడు. అబద్ధం చెప్పడం మాత్రం తనతో కాదన్నాడు. చెప్పక్కర్లేదు, మర్యాదగా మాట్లాడితే చాలని ఆమె ఒప్పించింది.

ఆ మర్యాదే పెద్ద చిక్కు. పోయిన వారం ఎవరో ఒక తండ్రి వచ్చి “నువ్వేంది చెప్పేది” అన్నాడని ప్రసన్నలక్ష్మి స్టాఫ్ రూంలో కూర్చుని ఏడ్చింది. ఆమెది గుడివాడ వైపు. ఎవరు ఎవరిని ఏమని పిలిచినా తగువయ్యే రోజులవి. మర్నాడే గేటు లోపల నోటీసు అంటించారు: తల్లిదండ్రులు ఉపాధ్యాయులను ‘సార్ గారు’, ‘మేడమ్ గారు’, ‘మీరు’ అని మాత్రమే సంబోధించవలెను.

సిద్ధిరాములు ఆ నోటీసును కూడబలుక్కుని రెండుసార్లు చదివి లోపలికి నడిచాడు.

“మా నాయిన, మేడమ్,” అంది స్పందన తల దించుకుని.

“నమస్తే మేడమ్ గారు. మీరు కూసోండ్రి మేడమ్ గారు,” అన్నాడు సిద్ధిరాములు. ఆమె అప్పటికే కూర్చుని ఉంది.

ప్రసన్నలక్ష్మి జరిగిందంతా చెప్పి, మీ అమ్మాయి ఇంట్లో కూడా ఇలాగే అబద్ధాలు చెబుతుందా అని అడిగింది.

“ఇంట్ల ఎట్లుంటదో నాకు తెల్వదు మేడమ్ గారు.”

“వంటావార్పుకి వెళ్లిన సంగతైనా తెలుసా?”

“నాకు ఇయ్యాల్నే తెల్సింది మేడమ్ గారు.”

“పోనీ, ఎలా చదువుతోందో ఎప్పుడైనా చూశారా?”

“ఎన్నడు సూడలె మేడమ్ గారు. మీరు చెప్పుండ్రి మేడమ్ గారు.”

ప్రసన్నలక్ష్మి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మొహం ఎర్రబడింది.

“మీరు నన్ను వెక్కిరిస్తున్నారా?”

గోడ పక్కన నేర్చిన పాఠమంతా సిద్ధిరాములు ఆ క్షణంలోనే మరిచిపోయాడు.

“లేదు బిడ్డా. గా మాట నాకు నోరు తిరుగుతలేదు. మా తాన కన్నతల్లిని నువ్వే అంటం, దేవున్ని నువ్వే అంటం. ఎరుక లేనోళ్లను మీరు అంటం. పిల్లలకు సదువు చెప్పేదానివి, నిన్ను గంత దూరం ఎట్ల పెడ్త?”

ఆమె బల్ల మీది కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది.

“మా నాన్నని నేనూ నువ్వనే అంటాను,” అంది ప్రసన్నలక్ష్మి నెమ్మదిగా.

ఆ తర్వాత కుర్చీ చూపించి కూర్చోమంది. మంచినీళ్లు తెప్పించింది. వచ్చిన ప్రతి తండ్రీ తన పిల్ల బంగారమనే అంటాడని, నాకేమీ తెలియదని ఒప్పుకున్నవాళ్లను ఇంతవరకు చూడలేదని చెప్పింది. టీసీ కాగితాన్ని సొరుగులో పెట్టేసి, మళ్లీ బడి ఎగ్గొడితే ఊరుకోనని స్పందనను హెచ్చరించింది.

“ఒక్క షరతు బాబాయ్ గారూ,” అంది వాళ్లు లేస్తుంటే. “ఇకనుంచి నెలనెలా మీటింగుకి మీరే రావాలి. వేరే ఎవర్నీ పంపకండి.”

స్పందన వద్దన్నట్టు వెనక నుంచి అతని చొక్కా లాగింది. సిద్ధిరాములు మాత్రం మూట భుజానికెత్తుకుని, తప్పకుండా వస్తానని మాటిచ్చాడు.

బయటికి వచ్చాక అతని నడకే మారింది. బడిలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం తన జన్మలో ఇదే మొదలని రెండుసార్లు చెప్పాడు. ఆ టీచరు మనసు వెన్నని మెచ్చుకున్నాడు. బస్టాపు దగ్గర అతను చీరలు మళ్లీ పరుచుకుంటుంటే, ఎందుకు మాటిచ్చావని స్పందన గొణిగింది.

అతను తలెత్తి ఆమె వైపు తిరిగాడు.

“ఇంతకూ నీ పేరేంది బిడ్డా?”