తువ్వాలు కింది చేయి

“కత్తి యాడన్నా మొండికేస్తే నన్నడుగు సాబూ, సూడు!” అంటూ సంతలో మిషన్లమ్మే భీమప్ప చక్రాన్ని ఒక్క ఊపున తిప్పాడు.

పచ్చరంగు పూసిన ఆ పాత యంత్రం గరగరమని కదిలింది. పండ్లున్న రెండు ఇనుప చక్రాలు జొన్నచొప్పను లోపలికి గుంజుకోగా, కత్తులు దానిని సన్నగా తరిగి పడవేశాయి.

హాలహర్వి రైతు ఖలందర్ కన్నులు మెరిశాయి.

ఎనభై మూడో సంవత్సరపు కరువు అది. ఉన్న కాస్త చొప్పనూ తరిగి వేస్తే తప్ప ఎడ్లకు ఎండకాలం గడవదు. ఆ తరుగుడు పని అతని భార్య జైనాబ్ బీది. కొడవలి పట్టి పట్టి ఆమె అరచేతులు పుండ్లయ్యాయి. ఆ చేతుల కొరకే అతడు ఆదోని సంతకు వచ్చాడు.

“మీ ఇంట్లో చొప్ప అందించేది ఎవరప్పా?”

వెనుక నుంచి ఒక ముదుసలి అడిగాడు. మాసిన పంచె. కుడిచేతికి చుట్టుకున్న తువ్వాలు.

“నా పెండ్లామే. ఏల తాతా?”

ముదుసలి ఒకసారి భీమప్ప వైపు చూశాడు. పెదవి కదిపి, మాట మింగి, తువ్వాలు కప్పిన చేతిని ముందుకు చాచాడు.

ఆ సంతలో బేరం నోటితో సాగదు. తువ్వాలు కింద చేయి కలిపి, వేళ్ళు పట్టి చెప్పుకుంటారు. వేలికి నూరు.

ఖలందర్ తువ్వాలు కిందికి చేయి పోనిచ్చాడు. బొటనవేలు తగిలింది. చిటికెనవేలు తగిలింది. అంతే.

“రెండు నూర్లా!” భగ్గుమంటూ చేయి లాక్కున్నాడు. “ఈ కరువులో నాకాడ రెండు నూర్లు దలాలీ కావాల్నా నీకు?”

“అది కాదప్పా... నీ పెండ్లాం...”

“నా పెండ్లాం మాట ఎత్తితే పండ్లు రాలగొడ్తా!”

చుట్టూ చేరినవారు నవ్వారు. “కాటికి కాళ్ళు సాపినా దలాలీ యావ పోలేదు సూడు ముసలోనికి!”

“ఎవరీయప్ప, అన్నా?” అని ఖలందర్ భీమప్పను అడిగాడు.

భీమప్ప తల ఎత్తలేదు. “నాకేం తెల్సు సాబూ? సంతలో తిరిగే పిచ్చోడు. నూకేయ్ ఆడికి.”

ఖలందర్ నూకాడు. ముదుసలి ఎడ్ల పేడలో పడ్డాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. ఆయన మెల్లగా లేచి, తువ్వాలును చేతికి మరింత బిగించి చుట్టుకొని, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

యంత్రం బండికెక్కింది.

శుక్రవారం ఉదయాన జైనాబ్ బీ బిస్మిల్లా అని తొలికట్ట అందించింది. చక్రం తిప్పినవాడు ఖలందరే.

చొప్పతో పాటు ఆమె కుడిచేతి వేళ్ళు లోపలికి పోయాయి. ఆమె ఎడమచేత్తో యంత్రాన్ని ఆపే కొక్కెం లాగింది. అది ఊడి చేతికి వచ్చింది. ఎన్నడో విరిగిన ఆ కొక్కేన్ని మైనంతో అతికించి, పైన పచ్చరంగు పూశారు.

ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజున ఖలందర్ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

బొటనవేలు. చిటికెనవేలు.

ఆ స్పర్శ అతనికి కొత్త కాదు.

మరునాడే ఆదోనికి పరుగెత్తాడు. భీమప్ప కొట్టుకు తాళం వేసి ఉంది. పక్కన బొరుగులమ్మే ఉచ్చీరమ్మను అడిగాడు.

“అవ్వా, చేతికి తువ్వాలు సుట్టుకోని తిరిగే తాత యాడుంటాడు? ఆయప్ప కాళ్ళు పట్టుకోవల్ల.”

“తిక్కయ్యనా? ఇంగ యాడి తిక్కయ్యప్పా! ఆ సొప్ప మిషన్లో వేళ్ళు పోయినప్పట్నుంచీ మూగోనిలెక్కనే ఉండె. ఆ పొద్దు సంతలో ఎవడో నూకినాడంట. ఇంటికి పోయి గోడపక్కకు తిరిగి పండుకున్నోడు మళ్ళీ కూడు ముట్టలేదు. మొన్న పాయ.”

ఖలందర్ నేల మీద కూలబడ్డాడు.

“కొరివి పెట్టేదానికైనా ఎవరన్నా ఉండ్రా అవ్వా?”

“ఉండకేం? భీమప్ప పెట్టినాడు,” బొరుగులు కొలుస్తూనే అన్నది ఉచ్చీరమ్మ. “కన్నకొడుకు గదా.”